ముడి వేయని గవ్వ

పూలి యాడికి ఎలుగుబంటి అంటే భయం లేదు. ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక్కతే అడవిలోకి వెళ్తుంది. ఒకసారి ఆమె ఏరుతున్న చెట్టుకే అవతలి పక్కన ఎలుగు కూర్చుని పువ్వు తింటోందట. ఈమె తన పక్కది తాను ఏరుకుని, బుట్ట నిండాక లేచి వచ్చిందట. పాముకు గానీ, ఉరుముకు గానీ, ఫారెస్టు వాళ్ల జీపుకు గానీ ఆమె గొంతు మారగా నేను చూడలేదు. ఆమెకు భయం ఒక్కదానికే. ఎవరైనా ఒక బిడ్డను చూసి "ఎంత బాగున్నదో" అంటే ఆమె మొహం నల్లబడిపోతుంది. ఆ బిడ్డను దగ్గరికి లాక్కుని, "ఏడ బాగున్నది? ముక్కు కారుతున్నది చూడు" అంటుంది.

మాది టేకులపల్లి అవతల ఒక తండా. ఇళ్లల్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. ఆ మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. యాడి అంటే అమ్మ. పెద్ద ఆడవాళ్లందరినీ అలాగే పిలుస్తాం. పూలి యాడి ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా మా అమ్మకు జబ్బు చేసింది. చదువు మాని వచ్చాను. అమ్మ పోయాక మళ్లీ వెళ్లలేదు. పగలు కూలికి పోవడం, సాయంత్రం పూలి యాడి అరుగు మీద కూర్చోవడం. ఆమె కుడి కంటికి ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి ఇంకా కాలేదు. అందుకని సూదిలో దారం ఎక్కించడం నా పని. ఎక్కించి ఇచ్చి, ఆమె వేళ్లు చూస్తూ ఉంటాను. నాకు మాట్లాడే అలవాటు తక్కువ. ఆమెకు కూడా అదే నచ్చింది అనుకుంటాను.

అద్దాలూ గవ్వలూ కుట్టిన మా పాత బట్టలు ఇప్పుడు తండాలో రోజూ కట్టుకునేవాళ్లు నలుగురో ఐదుగురో. కుట్టడం వచ్చినవాళ్లు ఇంకా తక్కువ. పూలి యాడికి అరవై దాటాయి. పత్తి ఏరుతుంది, మిరప కోస్తుంది, మిగిలిన పొద్దులో కుడుతుంది. పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు ఎవరైనా వచ్చి అడిగితేనే. తనంతట తాను ఎవరికీ చూపించదు.

పోయిన వానాకాలం పాల్వంచ నుంచి సరళక్క వచ్చింది. పూలి యాడి భర్తకు అన్న కూతురు ఆమె. కాకీ, అంటే చిన్నమ్మా, అని పిలుస్తుంది. ఆమె భర్త రామ్‌సింగ్ బావది కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. ఆమె బడిలో టీచర్. కంపెనీ క్వార్టర్స్‌లో ఉంటారు. వాళ్లకు ఒక్కతే కూతురు, భవాని. పదిహేడేళ్లు.

భవాని మంచు మీద ఆడుతుందంటే మా తండాలో చాలామంది నమ్మలేదు. ఆరేళ్లప్పుడు కాలనీ సిమెంటు కోర్టులో చక్రాల బూట్లతో మొదలుపెట్టింది. ఇప్పుడు ఢిల్లీ పక్కన, పెద్ద హాలు లోపల మంచు గడ్డ కట్టించే చోట, కోచ్ దగ్గర ఉండి నేర్చుకుంటోంది. బూటు కింద కత్తిలాంటి ఇనుప బ్లేడు ఉంటుంది. దాని మీద జారుతూ, ఎగిరి గాలిలో తిరిగి, మళ్లీ ఒంటికాలి మీద దిగాలి. ఫిగర్ స్కేటింగ్ అంటారు. జనవరిలో ఒక చలిదేశంలో జరిగే అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్‌కు ఆ పిల్లను ఎంపిక చేశారు.

"రెండు రోజుల ఆట కాకీ," అంది సరళక్క. "మొదటి రోజుకు డ్రెస్సు ఉన్నది. రెండో రోజుకు మన కుట్టుపని కావాలని ఒక్కటే మంకు. పాట కూడా మన తీజ్ పండుగ పాట బాణీనే పెట్టుకున్నది. నువ్వే కుట్టాలె."

"ఎంతమంది చూస్తరు?" అని అడిగింది పూలి యాడి.

"ఎంతమందా! హాల్‌ల వేలమంది. టీవీలల్ల, ఫోన్లల్ల లక్షలమంది."

సరళక్క మురిసిపోతూ చెప్పింది. పూలి యాడి చేతిలో సూది ఆగిపోయింది.

"లక్షల కండ్లా? ఒక్క పిల్ల మీదనా?"

"గట్ల అంటవేంది కాకీ, సంతోషపడాలె గని."

"కుడుత," అంది పూలి యాడి. "కుట్టకుంటే ఇంకెవరో కుడతరు. అదింక భయం."

కోచ్ పంపిన కాగితం ఇంగ్లీషులో ఉంది. నేనే చదివి చెప్పాను. గాజు అద్దాలు వద్దు, పలుచటి ప్లాస్టిక్ అద్దాలే. ఒక్కోదానికి రెండు ముడులు, ముడి మీద చుక్క జిగురు. ఏదీ వేలాడకూడదు, ఏదీ ఊడకూడదు. ఎందుకో అందులో రాయలేదు. మేమూ అడగలేదు.

సరళక్క తెచ్చిచ్చిన డ్రెస్సు బట్ట రబ్బరులా సాగుతుంది. మొదట కుట్టిన అద్దాలు బట్ట లాగగానే దారం తెగి రాలిపోయాయి. పూలి యాడి ఒక రోజంతా దాన్ని ముట్టుకోలేదు. మర్నాడు నీళ్ల బిందెను బోర్లించి, డ్రెస్సును దానికి తొడిగింది. ఒంటి మీద ఎంత సాగుతుందో అంత సాగాక, అప్పుడు కుట్టడం మొదలుపెట్టింది. రెండు నెలలు పట్టింది. రెండు వందల అరవై అద్దాలు. రెండేసి ముడులు. నేను ప్రతి ముడి మీదా అగ్గిపుల్లతో జిగురు పెట్టాను.

చివరి రోజు ఆమె తన పెళ్లినాటి లంగా నుంచి ఒక చిన్న గవ్వ తెంపింది. దాని వీపు రాతి మీద అరగదీసి పలుచన చేసింది. డ్రెస్సు అంచు లోపల, ఎడమ పక్క మడతలో పెట్టి, పచ్చి నూలు దారం మూడు చుట్లు చుట్టి వదిలేసింది. ముడి వేయలేదు.

అది ఆమె అత్తగారి వైపు పద్ధతి. కొత్త బట్ట కట్టుకుని పదిమందిలోకి పోయే ఆడపిల్లకు దిష్టి గవ్వ ఒకటి కనబడకుండా పెడతారు. దానికి ముడి ఉండకూడదు. దిష్టి వచ్చి గవ్వను తాకితే అది దానంతట అదే ఊడి పడిపోవాలి. పిల్లకు రావలసింది గవ్వతో పోతుంది.

"సరళకు చెప్పకు," అంది. "తెలిస్తే ఆ పిల్ల చెయ్యి ఊకె దాని మీదికే పోతది."

నేను తల ఊపాను. రెండు ముడులు వేయాలని చదివి వినిపించింది నేనే. ముడి లేకుండా చుట్టడం చూసిందీ నేనే. అయినా నాకేమీ తోచలేదు. గవ్వ గవ్వే, అద్దాలు అద్దాలే అనుకున్నాను.

పోటీ గురువారం మొదలైంది. అక్కడ మధ్యాహ్నం పన్నెండు అయితే మనకు మూడున్నర. పూలి యాడీ నేనూ పొద్దున బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, పాల్వంచ చేరాం. సరళక్కకు వీసా సమయానికి రాలేదు. భవానితో కోచ్ ఒక్కతే వెళ్లింది. రామ్‌సింగ్ బావ డ్యూటీకి పోయాడు. ముగ్గురమే చాప పరుచుకుని టీవీ ముందు కూర్చున్నాం.

తెల్లటి మంచు చూడగానే పూలి యాడి అడిగింది. "కింద నీళ్లున్నయా?"

"లేవు కాకీ. కింద సిమెంటు."

"పగుల్తే?"

"పగలదు."

"నువ్వు చూసినవా కింద?"

సరళక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అదే చివర.

భవాని కంటే ముందు ఎవరో వేరే దేశం పిల్ల వచ్చింది. పొడుగ్గా, కొంగలా ఉంది. తిరుగుతుండగా ఆమె జడలోంచి గుడ్డపువ్వు ఊడి మంచు మీద పడింది. ఆమె చూసుకోలేదు. వేగంగా జారుతూ వచ్చి, బ్లేడు ఆ పువ్వు మీద పడగానే ముందుకు తూలి బోర్లా పడింది. ఆమె పడిన చప్పుడు టీవీలో కూడా వినిపించింది. లేచింది గానీ గడ్డం కింద ఎర్రగా ఉంది.

"అయ్యో!" అంది సరళక్క. "గందుకే కోచ్ అన్నిసార్లు చెప్పింది. ఒంటి మీదిది ఏది ఊడి పడ్డా ఒక మార్కు కోస్తరు. మార్కు పోతే పోనీ. చిన్న పూస బ్లేడు కిందికొస్తే చాలు, మనిషి లేవదు. పోయిన ఏడు భవానితోని నేర్చుకునే పిల్లకు గిట్లనే అయింది. మోకాలు చిప్ప జరిగి ఆరు నెలలు మంచం మీద ఉన్నది."

పూలి యాడి వైపు చూశాను. ఆమె టీవీనే చూస్తోంది. ఆ మాట ఆమె విన్నదో లేదో నాకు తెలియలేదు.

భవాని నీలం డ్రెస్సులో వచ్చింది. పడలేదు. మార్కులు 41.87. అందరి ఆటా అయ్యేసరికి ఇరవై మూడో స్థానం. మొదటి ఇరవై నాలుగు మందే రెండో రోజుకు వెళ్తారు. సరళక్క లేచి గంతులేసింది. పూలి యాడిని పట్టుకుని ఊపేసింది. "శనివారం మన డ్రెస్సు కాకీ! మన డ్రెస్సు!"

నేను చెప్పాల్సింది అప్పుడే. అన్నం తినేటప్పుడు రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ముద్ద పెట్టుకున్నాను. పూలి యాడి ఎదురుగా ఉంది. ఆమె ముందు ఆమె పని తప్పని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

శుక్రవారం తొలి బస్సుకు తండా చేరి, ఏన్కూరు వైపు మిరపకోతకు ఆటోలో పోయాం. మా ఇద్దరిదీ పక్కపక్క సాలు. మిగతావాళ్లు ముందుకు పోయేదాకా ఆగి, తల ఎత్తకుండానే అన్నాను.

"యాడీ, ఆ గవ్వ ఊడితే?"

"ఊడాలనే పెట్టిన."

"ఆ పిల్ల కాలి కింద పడితే? నిన్న చూసినవు గద."

ఆమె కాయలు తెంపుతూనే ఉంది. "కాలు ఇరిగితే అతుకుతది," అంది కొంతసేపటికి.

ఆమె చెంగులోని కాయలు గంపలో పోసి వచ్చి, నా సాలులోనే కూర్చుంది. ఎండలో ఆమె ఆపరేషన్ కన్ను నీరు కారుతోంది.

"నాకొక బిడ్డ ఉండె. నీకు తెల్వదు, మీ అమ్మకే తెల్వదు. సోమ్లి. మూడేండ్లది. మా మరిది పెండ్లికి దానికి చిన్న లంగా కుట్టిన. అప్పుడు నాకు ఇరవై ఏండ్లు కూడ లేవు. మా అత్త గవ్వ ఇచ్చి, ముడి వెయ్యకు అన్నది. ఊడిపోతే అందం పోతదని నేను ముడి వేసిన. ఒకటి గాదు, మూడు." ఆమె మూడు వేళ్లు చూపించింది. వాటికి మిరప ఎరుపు అంటి ఉంది. "పెండ్లిల అందరు దాన్నే ఎత్తుకున్నరు. అందరు దాన్నే చూసిండ్రు. నాలుగో రోజు జరం వచ్చింది. కొత్తగూడెం దవాఖానాకు ఎత్తుకపోయినం. ఎనిమిదో రోజు అయిపోయింది. గవ్వ మాత్రం లంగాకు గట్టిగనే ఉన్నది. ఎంత గుంజినా రాలే. కత్తితోని కోసిన."

ముందు సాలులో ఎవరో పాట మొదలుపెట్టారు. పూలి యాడి లేచి నడుము సరిచేసుకుంది.

"నువ్వు సరళకు చెప్తే, అది ఫోన్ జేసి పీకేయమంటది. లేకుంటే ముడి వేయమంటది. చెప్పకు. చెప్తే నా మీద ఒట్టు."

ఆ రోజు ఎన్ని గంపలు కోశానో గుర్తు లేదు. నాకు రెండు వైపులా భయమే. చెబితే ఈమె ఒట్టు. చెప్పకపోతే ఆ పిల్ల కాలు. సాయంత్రం సరళక్క ఒక మెసేజ్ పంపింది: "డ్రెస్సు వేసుకుని ప్రాక్టీస్ చేసింది. ఏమీ ఇబ్బంది లేదు. కాకీకి చెప్పు." అది పదిసార్లు చదివాను. ఒకసారి ఊడలేదు కాబట్టి రెండోసారీ ఊడదు అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ముడి లేని దారం తిరిగిన కొద్దీ వదులవుతుందని నాకు తెలుసు. దారాలు నా పని.

శనివారం మళ్లీ పాల్వంచ వెళ్లాం. బస్సులో ఆమె కిటికీ వైపు, నేను ఇవతల. మేం చేరేసరికి సరళక్క ఫోనులో ఫోటో చూపించింది. ఎర్ర డ్రెస్సు, నిండా అద్దాలు, భవాని నవ్వుతోంది.

"చూడు కాకీ, ఎంత బా..." అని పూలి యాడి మొహం చూసి ఆపేసింది. "ముక్కు మొద్దు," అని సరిదిద్దుకుంది.

మూడు దాటింది. టీవీలో ఒక బండి మంచును గీకి నున్నగా చేస్తోంది. గురువారం ఆటలో చివర నిలిచిన ఆరుగురిదీ మొదటి జట్టు. భవానిది ఐదో వంతు. కొంగలాంటి ఆ పిల్ల గడ్డం గుర్తొచ్చింది. సోమ్లి అనే నేను చూడని పిల్ల కూడా గుర్తొచ్చింది. నేను సరళక్క మొహం చూడకుండా, చాప చూస్తూ అన్నాను.

"అక్కా, డ్రెస్సు అంచు లోపల ఎడమ పక్క గవ్వ ఉన్నది. దానికి ముడి లేదు."

"ఏంది?"

మళ్లీ చెప్పాను, అది దిష్టి గవ్వ అని, ఊడాలనే పెట్టిందని. పూలి యాడి నన్ను తిట్టలేదు. గోడ వైపు తిరిగి కూర్చుంది. అది తిట్టుకంటే ఎక్కువ.

సరళక్కకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఫోను అందుకుంది. భవానికి చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. కోచ్ ఫోను స్విచ్ ఆఫ్. మెసేజ్ పెట్టింది: "అంచు కింద ఎడమ పక్క గవ్వ ఉంది, వెంటనే తీసెయ్." రెండు టిక్కులు పడ్డాయి. నీలం కాలేదు.

"ఫోన్ సంచిల పెట్టి బయటికి వచ్చేసి ఉంటది," అంది సరళక్క. "వార్మప్ అయితాంది." ఆ తర్వాత గొంతు పెంచింది. "కాకీ! నీకు బుద్ధి ఉన్నదా? కోచ్ రాసి పంపింది గద! రెండు ముడులని!"

పూలి యాడి గోడతోనే అంది. "నీ బిడ్డ కోసమే చేసిన."

"గురువారం ఇద్దరు ఈడనే కూర్చున్నరు. ఇద్దరు చూసిండ్రు. నువ్వైనా నోరిప్పరాదా పిల్లా?"

నేను చాప పుల్ల ఒకటి పీకుతూ కూర్చున్నాను.

ఆరుగురు పిల్లలు ఒక్కసారే మంచు మీదకు వచ్చి ఒళ్లు వేడి చేసుకుంటున్నారు. ఎర్ర డ్రెస్సు వాళ్ల మధ్య తిరుగుతోంది. సరళక్క టీవీకి దగ్గరగా పోయి, కళ్లతో అంచు వెతుకుతోంది. ఏమీ కనిపించలేదు. ఫోను ఇంకా అలాగే ఉంది. రెండు టిక్కులు, బూడిద రంగు.

నలుగురి ఆటా అయింది. వాళ్లు ఎలా ఆడారో నాకు గుర్తు లేదు. భవాని పేరు పిలిచారు.

మూడున్నర నిమిషాలు. మా పాట బాణీ డప్పుతో మొదలైంది. మామూలుగా అయితే ఆ బాణీ వింటే మాకు ఒళ్లు కదులుతుంది. ఆ రోజు ముగ్గురం రాళ్లలా కూర్చున్నాం. మొదటిసారి ఎగిరింది, దిగింది. రెండోసారి ఎగిరింది, దిగింది. మూడోసారి దిగేటప్పుడు కాలు జారి పక్కకు పడి, పక్క గోడదాకా జారిపోయింది.

"గవ్వేనా?" అని అరిచింది సరళక్క. "గవ్వ మీదనే పడ్డదా?"

ఎవరికీ తెలియదు. మంచూ తెలుపే, గవ్వా తెలుపే. భవాని లేచింది. తుంటి మీద మంచు తుడుచుకోకుండానే సాగిపోయింది. పూలి యాడి ఎప్పుడు గోడ వైపు నుంచి ఇటు తిరిగిందో నేను చూడలేదు. ఆమె నా మణికట్టు పట్టుకుని ఉంది. వేళ్లు గుచ్చుకుంటున్నాయి.

చివరన ఒకే చోట నిలబడి గిరగిరా తిరగాలి. తిరుగుతుంటే లంగా గుండ్రంగా లేచింది. అద్దాలన్నీ ఒకే గీతలా మెరిశాయి. అప్పుడు దాని అంచు నుంచి తెల్లటిది చిన్నగా ఎగిరిపోయింది. మంచు మీద జారి, ఐదారు అడుగుల దూరంలో ఆగింది. నేను చూశాను. వాళ్లిద్దరూ చూడలేదు.

పాట ఆగింది. భవాని చేతులెత్తి, వంగి దండం పెట్టింది. తర్వాత చేయి ఊపుతూ వెనక్కి జారడం మొదలుపెట్టింది. సరిగ్గా అది పడ్డ వైపే.

"వెనక!" అన్నాను. "వెనక ఉన్నది! వెనక!"

నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. నేను అరవగానే వాళ్లిద్దరూ అరిచారు. ముగ్గురం టీవీకి "వెనక, వెనక" అని అరుస్తున్నాం. అక్కడ ఎవరికి వినిపిస్తుంది? నాలుగు అడుగులు. మూడు. జడ్జీలు కూర్చున్న బల్ల వైపు నుంచి ఒకతను లేచి చేయి అడ్డం ఊపాడు. భవాని ఒక్కసారిగా బ్లేడు అడ్డం తిప్పి ఆగింది. వెనక్కి తిరిగి చూసింది. వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది.

పూలి యాడి నా చేయి వదిలేసింది. "పడ్డది," అంది. "పడ్డది కదా? నువ్వు చూసినవు కదా?"

"చూసిన యాడీ."

ఆమె రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో, ఊపిరి తీసుకుంటోందో తెలియలేదు.

మార్కులు వచ్చాయి. 68.30. కోత 2.00. పడ్డందుకు ఒకటి, గవ్వకు ఒకటి. రెండు రోజులదీ కలిపి 110.17. ఆ జట్టులో చివరి పిల్ల కూడా అయ్యాక పట్టికలో భవాని అట్టడుగున ఉంది. ఆమెకు పైన ఉన్న పిల్లకు 110.79.

సరళక్క కాసేపు వేళ్ల మీద లెక్క చూసుకుంది. "ఆ ఒక్క మార్కు ఉంటే పైన ఉండేది," అంది మెల్లగా. "ఇరవై మూడు. పైనున్నోళ్లందరు మస్తు ముందున్నరు, ఇంక మారదు. ఇరవై నాలుగుల ఇరవై నాలుగు. రేపు పేపర్ల ఆఖరి స్థానం అని రాస్తరు. పదకొండేండ్లు కష్టపడ్డది కాకీ నా బిడ్డ."

"కాలు చెయ్యి మంచిగున్నయా, లేవా?" అంది పూలి యాడి.

"గదొక్కటేనా నీకు?"

"అవ్. గదొక్కటే."

సరళక్క లేచి వంటింట్లోకి వెళ్లి గిన్నెలు చప్పుడు చేసింది. టీ పెట్టలేదు. ఊరికే చప్పుడు చేసింది.

ఆరు గంటలకు భవాని నుంచి వీడియో కాల్ వచ్చింది. అక్కడ రెండున్నర. కళ్లు ఉబ్బి ఉన్నాయి. సరళక్క ఏమీ దాచలేదు. గవ్వ ఎవరు పెట్టారో, ముడి ఎందుకు లేదో, సోమ్లి సంగతి తప్ప అంతా చెప్పేసింది. సోమ్లి సంగతి ఆమెకూ తెలియదు.

"నానీ," అంది భవాని. ఆమెకు పూలి యాడి అమ్మమ్మ వరస. "గట్లయితే నేను పడ్డ జంప్ కంటే ముందే పడాల్సింది గదా అది."

పూలి యాడికి ఆ మాట నవ్వులా వినిపించలేదు. "అది ఏడున్నది ఇప్పుడు?"

"ఇదిగో." ఆ పిల్ల జేబులోంచి తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

పూలి యాడి ఫోను ముందు నుంచి వెనక్కి జరిగింది. "చేతుల పట్టుకున్నవా! జేబుల పెట్టుకున్నవా! ఒసేయ్, అది ఒంటి దగ్గర ఉండొద్దు. పొద్దు గూకకముందే పారే నీళ్లల్ల వదలాలె. వదిలి, వెనకకు చూడకుండ రావాలె. జల్దీ పో."

"ఇక్కడ పారే నీళ్లు లేవు నానీ. అన్నీ గడ్డకట్టినయ్. చెరువు మీద మనుషులు నడుస్తాండ్రు."

"పొద్దెప్పుడు గూకుతది ఆడ?"

"మూడు ముప్పావుకు."

నేను గోడ మీద గడియారం చూశాను. గంటంబావు ఉంది. భవాని బాత్రూం ట్యాప్ కింద వదులుతానంది. పూలి యాడి ఒప్పుకోలేదు. పైపులో ఇరుక్కుంటే అక్కడే ఉండిపోతుంది, ఆ నీళ్లే మళ్లీ మీద పోసుకుంటారు అంది. భవాని మొహంలో నవ్వు పోయింది. తన చేతిలోని దాన్ని దూరంగా పట్టుకుని చూసుకుంది. ఆ చూపు నేను గుర్తుపట్టాను. శుక్రవారం నుంచీ నాది అదే.

వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న సరళక్క వచ్చి ఫోను లాక్కుంది.

"బేటా, మంచు గీకే బండి ఉంటది గద. అది గీకిన మంచును బయట ఏడనో పోస్తది. మీ ఢిల్లీల నేను చూసిన, వెనక తలుపు దగ్గర. మీద వేడి నీళ్లు కొడతరు. ఆ నీళ్లు ఎటో పారుతయ్. పో, చూడు. కోట్ వేసుకో. నడువ్, ఉరకకు, జారుతవ్."

ఫోను ఊగుతూ పోయింది. గోడలు, మెట్లు, ఒక ఇనుప తలుపు. బయట ఆకాశం మసక ఎరుపు. హాలు వెనక మురికి మంచు కుప్ప, దాని కింద నుంచి ఆవిరి లేస్తూ, జానెడు వెడల్పు నీళ్లు పారి, సందులోంచి కిందకు పోతున్నాయి.

"ఇది సరిపోతదా నానీ?"

"సరిపోతది. వెయ్యి. వేసి తిరుగు."

ఆ పిల్ల చేయి నీళ్ల మీదకు చాచడం కనబడగానే పూలి యాడి ఫోనును సరళక్క చేతిలోంచి తీసుకుని చాప మీద బోర్లించింది. మేం కూడా చూడకూడదని. గదిలో ఆ పిల్ల బూట్ల కింద మంచు నలుగుతున్న చప్పుడు మాత్రమే వినిపిస్తోంది. నలుగుతోంది. మధ్యలో ఒకసారి ఆగింది. మళ్లీ నలిగింది. తలుపు మూసుకున్న చప్పుడు.

"వచ్చేసిన," అంది భవాని.

"వెనకకు చూసినవా?"

ఆ పిల్ల జవాబుకు కొంచెం ఆలస్యం చేసింది. "లేదు నానీ."

ఆ ఆలస్యం నేను విన్నాను. సరళక్క విన్నది. పూలి యాడి కూడా విన్నదని ఆమె మొహమే చెప్పింది.

"ఎన్నడు దిగుతవు?" అని అడిగింది ఆమె.

"మంగళవారం హైదరాబాద్. బుధవారం పొద్దుగాల ఇంటికి."

"బుధవారందాక నేను ఈడనే ఉంట," అంది పూలి యాడి.

సరళక్క ఆమె వైపు చూడకుండా లోపలికి వెళ్లి, ఒక దుప్పటి తెచ్చి చాప మీద పెట్టింది.